ఊదిన బుగ్గా, వాచిన బుగ్గా

బ్యాండు మేళంలో డోలు వాయించే అతన్ని అందరూ ఒంటిచెవి అనే పిలిచేవారు. ఆ పేరు విన్నప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది. ఒకప్పుడు అతను డోలు మనిషి కాదు, బాకా మనిషి. ఆ బతుకు పాడుచేసినవాడు మేళం యజమాని, స్వయానా అక్క మొగుడు.

ఓ పెళ్లి మేళానికి ముందు బావకి జ్వరం వచ్చి చెవుల కింద వాచింది. గవదబిళ్లలనీ, అయిదు రోజులు నలుగురిలోకి వెళ్లొద్దనీ డాక్టరు చెప్పాడు. బావ ఆ మాట మింగేశాడు. ఎవరైనా అడిగితే, "బాకా ఊదేవాడికి బుగ్గలు ఉబ్బక మడమలు ఉబ్బుతాయా?" అని నవ్వించాడు. అందరితో పాటు బావమరిదీ నవ్వాడు, పిచ్చి మారాజు. ఊరేగింపు మధ్యలో బావ ఊపిరందక తన బాకా అతని చేతిలో పెడితే, ఎంగిలైనా తుడవకుండా ఊదాడు. రెండు మూడు వారాలకు అతని దవడలూ వాచాయి. అదే డాక్టరు దగ్గరికి వెళ్తే బావ దాచిన సంగతి బయటపడింది. వాపు తగ్గింది గానీ కుడిచెవి పోయింది. శ్రుతి తప్పుతున్నాడని బావే బాకా లాక్కుని మెడలో డోలు తగిలించాడు.

అక్క మొహం చూసి ఊరుకున్నాడే గానీ కడుపులో మంట ఆరలేదు. "ఆ నోటితోనే నిజం కక్కిస్తా" అని పళ్లు నూరేవాడు. డోలు మీద పడే దెబ్బల్లో సగం బావవే. తన పిల్లలకు టీకాలు వేయించిన రోజు నర్సుని అడిగి జబ్బు ఆనవాళ్లన్నీ తెలుసుకున్నాడు. ఊదిన బుగ్గ గాలి వదలగానే దిగిపోతుంది. ఈ వాపు దవడ మూలన తిష్ఠ వేసి చెవితమ్మెను పైకి నెడుతుంది, నమలబోతే నొప్పి.

ఓ బడి వార్షికోత్సవానికి మేళం వెళ్లింది. బాకా పట్టుకుని మేనల్లుడు వ్యాను దిగాడు. మెడకు తువ్వాలు. ఒంటిచెవి దాన్ని లాగి చూసి, "నోరు తెరవరా" అన్నాడు. కుర్రాడు తెరవలేకపోయాడు.

"గవదలే మావయ్యా. నాన్న ఎవరికీ చెప్పొద్దన్నాడు."

అప్పటికే పిల్లలు "నేనూదుతా, నేనూదుతా" అంటూ బాకా కోసం ఎగబడుతున్నారు. అతనికి కోపం వచ్చింది, దాన్ని మించి సంతోషమూ వచ్చింది. పిల్లల్ని అదిలించి, మేనల్లుణ్ని వ్యానెక్కించి, గేటు దగ్గర తల్లుల మధ్య నిలబడ్డ బావ దగ్గరికి వెళ్లాడు.

"వాడికేమైంది బావా?"

బావ అతని మంచి చెవిలోనే గొణిగాడు. "గవదబిళ్లలురా. గొడవ చెయ్యకు."

"వినపళ్లేదు. గట్టిగా చెప్పు."

"గవదలు!"

"నీ దయ వల్ల చెవి పోయింది కదా, ఇంకాస్త గట్టిగా. లేదంటే మైకులో అడుగుతా."

"వాడికి గవదబిళ్లలు!" అని బావ అరిచేశాడు.

తల్లులు పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. హెడ్మాస్టరు వచ్చి మేళాన్ని అటు నుంచి అటే పంపేశారు.

"పరువు తీశావు కదరా! ఇంట్లో అడిగితే పోయేదిగా" అన్నాడు బావ వ్యానులో.

"ఆ పెళ్లప్పుడు నాకెవరు చెప్పారు బావా, ఇంట్లో?"

వెనక సీట్లోంచి మేనల్లుడు నెమ్మదిగా అడిగాడు. "మావయ్యా, నా చెవి కూడా పోతుందా?"

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇన్నేళ్లూ ఒంటిచెవి ఎదురుచూసింది ఆ మొహం కోసమే. తీరా చూశాక తట్టుకోలేకపోయాడు.

"ఎవరికో గానీ పోదురా, పడుకో" అన్నాడు.