టీలో కలిపిన బలం పిండి

తొంభైలలో, వడమాలపేట పక్క పల్లెలో నేను అంగన్‌వాడీ టీచరుగా చేరిన కొత్తలో, బక్కచిక్కిన పిల్లల కోసం ఇనుము కలిపిన పిండి మూటలు వచ్చేవి. బలం పిండి అనేవాళ్లం. దాన్ని తయారుచేసిన మహానుభావులు ఒక్కసారైనా నోట్లో వేసుకుని చూసినట్టు లేదు. పిల్లలు పెట్టగానే ఊసేసేవాళ్లు.

చేతకానమ్మకు చేష్టలెక్కువ. నాకొక ఉపాయం తట్టింది. ఆ ఊరి తల్లులు చెరకు కొట్టడానికి పొద్దున్నే పోతూ పిల్లలకింత తీపి టీ పోసి పోయేవాళ్లు. ఆ టీలోనే పిండి కలిపి తాపమన్నాను. మూటలు గబగబా ఖాళీ అయ్యాయి. తనిఖీకి వచ్చిన ఆఫీసరమ్మ అందరి ముందూ నన్ను మెచ్చుకుంటే పొంగిపోయాను.

మూడేళ్ల పిల్ల ఒకతి ఉండేది. పాలిపోయిన మొహం, ఎప్పుడు చూసినా గోడ మన్ను గీకి తినేది. వాళ్లమ్మకు నా మాట వేదవాక్కు. పూటకో గ్లాసు, ఒక్క పూటా తప్పలేదు. నెలలు గడిచినా ఆ పిల్లకు రక్తం పట్టలేదు సరికదా, నాలుగడుగులు వేస్తే ఆయాసంతో కూలబడేది.

చివరికి తల్లీ, పిల్లా, నేనూ ముగ్గురం తిరుపతి పోయాం. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, ఏం పెడుతున్నారని తల్లిని అడిగాడు. విన్నాక బల్ల మీద చెయ్యి చరిచాడు.

"టీలోనా? టీతో ఇస్తే ఇనుము ఒంటికి పట్టదమ్మా! తిన్నదంతా వృథా. నీకెవరు చెప్పినారు?"

టీ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. పిల్ల తల్లి నా వైపు చూడనైనా చూడలేదు.

"ఎవురూ సెప్పలేదు సామీ. బుద్ధిలేక నేనే కలిపినాను."

డాక్టరు ఆమెను నానా మాటలూ అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "మీరైనా చెప్పకూడదా?" అన్నాడు.

"ఎంత చెప్పినా వినరు సార్" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. ఇన్నేళ్లయినా తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది. తిరుగు బస్సులో ఆమె నాతో మామూలుగానే మాట్లాడింది, చెరకు తోటల సంగతులు చెప్పింది. నేనే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు కూలి మానుకుని, పిల్లను చంకనేసుకుని వచ్చింది. నాలుగు తిట్టి పోయినా బాగుండేది.

"టీ మానిపించినాను టీచరమ్మా. ఇంక దేంట్లో కలపాలో మీరే సెప్పండి" అంది.