నారపోగులు

మా అత్త కామడోకు తొంభై ఏళ్లప్పుడు తుంటి ఎముక విరిగింది. ఒకినావాలోని మా ఊళ్లో అరటినార బట్ట నేసేవాళ్లలో ఆవిడే పెద్ద. ఇక మగ్గం ముందు కూర్చోలేనని తెలిశాక అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఒక పొద్దున మకాతో అనే పక్కింటి ముసలావిడ నారకట్ట తెచ్చి అత్త పక్కన పడేసింది.

"విరిగింది తుంటి కదే, చేతులకేం రోగం? నాకు చూపు ఆనడం లేదు. ఈ పోగులు ముడేసి పెట్టు."

"చచ్చేదాన్ని కూడా వదలవా?"

"పనయ్యాక చావు, ఎవరొద్దన్నారు?"

అత్త నవ్వింది. నన్ను పట్టుకుని లేచి కూర్చుని పోగులు అందుకుంది. ఆ మధ్యాహ్నం చిలగడదుంప అడిగి మరీ తిన్నది.

ఇప్పుడు ఆవిడకు తొంభై ఆరు. తెల్లవారగానే పోగుల కోసం లేస్తుంది. మకాతో వస్తే మల్లె టీ మొదటి కప్పు ఆమెకే పొయ్యమంటుంది. చెప్పకపోయినా నేను పోస్తాను.