రెండు పేర్ల చెంబు

గున్నమ్మకి పిచ్చి అని ఆ ఊళ్ళో అందరూ అనేవారు. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది. ఆమెకి పిచ్చి లేదు, కోపం ఉంది. ఆ రెండింటికీ తేడా తెలియని వాళ్ళ మధ్య ఆరేళ్ళు పంతులమ్మగా పనిచేశాను. చీపురుపల్లికి నడిచి వెళ్ళేంత దూరంలో ఉంటుంది ఆ ఊరు. గున్నమ్మ ఇంట్లోనే పక్క గది అద్దెకి తీసుకున్నాను. నా పేరు పద్మకుమారి అయినా ఆమె ఏనాడూ ఆ పేరుతో పిలవలేదు. "పంతులమ్మా" అని గోడ అవతల నుంచి ఒక్క కేక వేసేది.

చీపురుపల్లి సంత వారానికోసారి. ఊరంతా ఉప్పుకీ మిరపకాయలకీ ఎడ్ల పలుపులకీ వెళితే గున్నమ్మ పాత సామాన్ల దగ్గరికి వెళ్ళేది. ఎండుచేపల వరస దాటాక ఏడెనిమిది మంది గోనెపట్టాలు పరుచుకుని కూచునేవారు. ఆ పట్టాల మీద లేని వస్తువు లేదు. తాళంచెవి లేని తాళాలు, తాళం లేని తాళంచెవులు, ఒక అద్దమే మిగిలిన కళ్ళజోడు, దొరల కాలం నాటి సీసాలు, ముల్లు విరిగిన గడియారం, ఎవరి పెళ్ళిదో తెలియని ఫోటో. మొదటిసారి ఆమె వెంట వెళ్ళినప్పుడు నాకు విసుగేసింది. రెండోసారికి ఆమె కంటే ముందు నేనే చెప్పులు వేసుకున్నాను. ఏ వస్తువు చేతిలోకి తీసుకున్నా ఇది ఎవరిది, ఎవరి చేతుల్లో ఇంత అరిగింది, ఇక్కడికి ఎలా వచ్చింది అని మనసు పరిగెడుతుంది. ఒకసారి అడుగున మరక మిగిలిన పింగాణీ సిరాబుడ్డి కొనుక్కుని, ఆ సిరాతో ఎవరు ఎవరికి ఉత్తరం రాశారా అని వారమంతా ఆలోచించాను. పిల్లలకి లెక్కలు చెబుతూ కూడా అదే ఆలోచన.

గున్నమ్మ వెతికే పద్ధతి వేరు. ముందు అక్కరలేనివి మూడు తీసి, మూడింటినీ తిట్టి పడేసేది. "ఇది తాళమేటిరా? తుప్పు ముద్ద!" అనేది. తర్వాత మెల్లిగా ఇత్తడి వైపు జరిగేది. ప్రతి చెంబునీ బోర్లించి చూసేది, గోటితో మీటి వినేది, మెడ చుట్టూ బొటనవేలు తిప్పేది. అమ్మేవాళ్ళకి ఆమె వస్తోందంటే విసుగు.

"కొనవు, కదలవు. ఏటి నీ బాధ?" అని ఒకడు కసిరాడు.

"నా కళ్ళు, నా సూపు. నాను సూస్తే నీ ఇత్తడి అరిగిపోతాదేటి?" అంది. 

ఆమె ఏం వెతుకుతోందో తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆమె భర్త పేరు లక్ష్ముడు. పెళ్ళయిన రెండో ఏడు, అంటే ముప్ఫై ఏడులో, కళింగపట్నంలో ఓడెక్కి రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మా వైపు రంగం అనే అంటారు. అక్కడ బియ్యపు మిల్లులో పని. ఓడలో నీళ్ళు తాగడానికని గున్నమ్మ తన పెళ్ళికి తండ్రి ఇచ్చిన ఇత్తడి చెంబు అతని చేతికిచ్చింది. నాలుగేళ్ళు ఉత్తరాలు వచ్చాయి. తర్వాత యుద్ధంలో రంగం మీద జపాను బాంబులు పడ్డాయి. అడవుల్లో నడిచి సగం ప్రాణాలతో తిరిగొచ్చిన వాళ్ళలో లక్ష్ముడు లేడు. దారిలో పోయాడని ఒకరన్నారు, అసలు బయలుదేరనే లేదని ఇంకొకరన్నారు.

మొగుడు ఉన్నాడో పోయాడో తెలియని ఆడది ముత్తయిదువా, కాదా? ఊరికి ఆ సందేహం ఎక్కువ కాలం లేదు. ఏడేళ్ళు చూసి, మరిది జగన్నాధం పెద్దమనుషుల్ని కూచోబెట్టి బొట్టు తీసెయ్యమన్నాడు. "పీనుగుని సూపించు, తీస్తాను" అంది గున్నమ్మ. అంతే, ఆ మాటకి శిక్ష ఇరవై ఏళ్ళు నడిచింది. పెళ్ళికి పిలవలేదు, పేరంటానికి పిలవలేదు. పసుపు దంచుతున్న చోటికి వెళితే రోకలి దాచేసేవారు. ఎదురొస్తే జగన్నాధం శకునం బాగాలేదని పైకే అని వెనక్కి తిరిగేవాడు. ఆమె మాత్రం రోజూ పొద్దున్నే రూపాయి కాసంత బొట్టు పెట్టుకుని వీధి మధ్యలో నడిచేది, అందరూ చూడాలనే.

"రంగం నుండొచ్చినోళ్ళు సామాను ఎక్కడ అమ్ముకుంతారు పంతులమ్మా? సంతలోనే గదా. మనిషి రాపోతే సెంబైనా వస్తాది" అంది ఒకరోజు, పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ.

ఆ చెంబు గుర్తు కూడా చెప్పింది. మెడ కింద చుక్కలు చుక్కలుగా ఆమె పేరు కొట్టి ఉంటుందట. పేరు కొట్టేవాడు చివర మ కింద వత్తు మరిచిపోయి 'గున్నమ' అని కొట్టాడు. తండ్రి తగువు పడితే, చోటు చాలక ఆ వత్తుని పక్కన ఏటవాలుగా ఇరికించాడు. గున్నమ్మకి అక్షరాలు రావు. ఆ వంకర వత్తు ఒక్కటే తెలుసు. సంతలో బొటనవేలు తిప్పి వెతికేది దానికోసమే.

అరవై ఏడు ఎండాకాలం వచ్చింది. బర్మాలో మనవాళ్ళ బతుకులు చెడిపోయి, మళ్ళీ ఓడల్లో జనం వచ్చేస్తున్న రోజులు. సంతలో కొత్త ముఖాలు కనిపించాయి. లక్క డబ్బాలు, బర్మా గొడుగులు, టేకు పెట్టెలు. తెచ్చుకున్నదే తక్కువ, అందులోంచే అమ్ముకుంటున్నారు. ఆ వారం గున్నమ్మ అమ్మడానికని గంపలో బియ్యం పోసుకుని వచ్చింది. గంప నెత్తి మీద ఉండగానే పాత సామాన్ల వరసలోకి దూరింది.

వరస చివర నలభై అయిదేళ్ళ మనిషి ఒకామె కూచుని ఉంది. గున్నమ్మ గంప దింపి, లక్క డబ్బాని తిట్టింది, గొడుగుని తిట్టింది, లాంతరుని తిట్టింది. తర్వాత చెంబు ఎత్తింది. బొటనవేలు సగం తిరిగి ఆగిపోయింది.

"పంతులమ్మా, సదువు."

"గున్నమ్మ" అని చదివాను. వత్తు పక్కకి పడి ఉంది.

"కింద ఇంకేటో తగుల్తన్నాది. అదేటి?"

కింద మరికొంచెం పెద్ద అక్షరాలతో ఇంకో పేరుంది. మా వైపు ఒక చెంబు మీద రెండు పేర్లుంటే చిన్నపిల్లలకైనా అర్థం తెలుసు. పైది అత్త, కిందది కోడలు. అత్త చెంబు కోడలికి వస్తే కోడలు కింద తన పేరు కొట్టించుకుంటుంది. గున్నమ్మకి పిల్లలే లేరు. అది చేసిన కంపెనీ పేరని చెప్పేద్దామనుకున్నాను. కానీ ఆమె చూపు నా మొహం మీదే ఉంది.

"మరిడమ్మ" అన్నాను.

"అది నా పేరే" అంది పట్టా వెనకాల మనిషి. "పైది మా అత్త పేరు. నాను సూడలేదు. మా మనువుకి ముందే సచ్చిపోయినాదట. ఆళ్ళమ్మ గురుతు ఇదొక్కటేనని మా ఇంటాయన సెప్పినాడు. నా పేరు కింద ఆయనే కొట్టించినాడు."

"మీ ఇంటాయన పేరేటి?" అంది గున్నమ్మ.

ఆమె సిగ్గుపడింది. ఆ ఎండలో, ఆ ఆకలి మొహంతో కూడా సిగ్గుపడింది. "నా నోట్తో ఎలా సెప్తాను? రాములోరి తమ్ముడి పేరు."

గున్నమ్మ ఆమె నుదుటి వైపు చూసింది. నేనూ అప్పుడే చూశాను. బొట్టు లేదు.

"ఎప్పుడు?"

"ఆరేళ్ళయినాది. జొరమొచ్చి పోనాడు."

ఆరేళ్ళు! అంటే బాంబులు పడ్డాక కూడా ఇరవై ఏళ్ళు నిక్షేపంగా బతికాడు. అన్నం తిన్నాడు, నిద్రపోయాడు, పెళ్ళి చేసుకున్నాడు. ఒక్క కార్డుముక్క రాయడానికి చెయ్యి రాలేదు. 'నేను రాను, నీ దారి నువ్వు చూసుకో' అని ఒక్క ముక్క రాసి ఉంటే ఈమె రోకలి దాచేసే వాళ్ళ మధ్య ఇన్నేళ్ళు పడి ఉండేదా? చచ్చినవాణ్ణి లేపి అడగాలనిపించింది నాకు. ఈలోగా మరిడమ్మ, ఎదుట ఉన్నది ఎవరో తెలియక, ఇంకా చెబుతూనే ఉంది.

"ఏటేటా ఆళ్ళమ్మ పోయిన రోజని ఈ సెంబు కడిగి, బొట్టెట్టి, అన్నం వండి ముందర ఎట్టీవోలం. ఆయనైతే ఏడ్సీవోడు."

"ఏడ్సీవోడా?" గున్నమ్మ కేకకి ఎండుచేపల వరస దాకా తలలు తిరిగాయి. "సూడు పంతులమ్మా, ఏడ్సీవోడంట! ఇక్కడ నాను ఆడు బతికున్నాడని ఊరందరితోటీ తిట్లు తింటంటే, అక్కడ ఆడు నన్ను సంపేసి, నాకు కూడెట్టి ఏడ్సినాడు! ఒసే, గున్నమ్మంటే సచ్చిపోయిన ముసిల్దనుకున్నావా? నానేనే గున్నమ్మని! ఆడు తాళి కట్టిన గున్నమ్మని!"

మరిడమ్మ మొహంలో నెత్తురు లేదు. "అప్పా" అంది, సొంత అక్కని పిలిచినట్టు. "నాకు తెల్దప్పా. ఒట్టు. తెలిస్తే నాను..." 

గున్నమ్మ చెంబు పైకెత్తింది. మరిడమ్మ తల మీద కొట్టేస్తుందనే అనుకుని చెయ్యి పట్టుకోబోయాను. కొట్టింది నేలనే. చెంబుకి సొట్ట పడింది. "అత్త గురుతని దండాలెట్టి, సంతలో అమ్మేస్తావేటే? సిగ్గులేదా?" అంది.

"మూడు రోజులై బియ్యం లేవప్పా."

గున్నమ్మ గంప ఎత్తి, ఉన్న బియ్యమంతా ఆమె గోనెపట్టా మీద, ఆ గొడుగూ లాంతరూ మునిగిపోయేలా కుమ్మరించింది. "సెంబు నాది, తీస్కుపోతన్నాను. ఏడవకు. ఏడిస్తే తంతాను" అని ఖాళీ గంప చంకన పెట్టుకుని నడిచింది.

దారి పొడుగునా నేనే ఆగకుండా లక్ష్ముణ్ణి తిట్టాను, వాడి వంశాన్ని తిట్టాను. ఊళ్ళోకి వచ్చేసరికి కబురు మా కంటే ముందే చేరిపోయింది. సంత నుంచి ఎవడో సైకిలు మీద వచ్చి చెప్పేశాడు. జగన్నాధం తన అరుగు మీద నలుగుర్ని కూచోబెట్టుకుని మాకోసమే చూస్తున్నాడు. అన్న పోయిన దుఃఖం ఆ మొహంలో వెతికాను. గెలిచిన సంతోషం తప్ప ఇంకేమీ కనపడలేదు.

"ఒదినా, అన్న పోయిన సంగతి తేలిపోనాది గదా" అన్నాడు గట్టిగా, నలుగురూ వినేలా. "ఇరవయ్యేళ్ళు మా మాట కాదన్నావు. ఇంక నీకేటి సాకు ఉన్నాది? తియ్యి బొట్టు."

 పీనుగుని చూపిస్తే తీస్తానన్న మాట ఆమెదే. మాట తప్పే మనిషి కాదు. ఆమె వీధి మధ్యలో ఆగి, చెంబు నా చేతికిచ్చింది.

"సదువు పంతులమ్మా. ఈడికి వినపడేలాగ సదువు."

"పైన గున్నమ్మ. కింద మరిడమ్మ" అని చదివాను.

"ఇన్నావురా? పైన గున్నమ్మ, కింద కోడలు. మీ అన్న రంగంలో కొట్టించినాడు. నన్ను పెళ్ళామని సెప్పుకోలేదు, అమ్మనని సెప్పుకున్నాడు. ఇరవయ్యేళ్ళు అమ్మకని కూడెట్టినాడు." అరుగు దగ్గరికి నాలుగు అడుగులు వేసింది. నుదుటి మీద బొట్టు చెమటకి తడిసి మరింత ఎర్రగా ఉంది. "కొడుకు సచ్చిపోతే తల్లి బొట్టు ఎక్కడైనా తీస్తాదేటిరా? దిగు. దిగొచ్చి అమ్మకి దండమెట్టు."

జగన్నాధం పక్కవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు నేల చూస్తున్నారు. గున్నమ్మ కదల్లేదు. వాడు దిగేదాకా కదలదని నాకు తెలిసిపోయింది. చెంబు మీద పేర్లు అరుగు వైపు కనపడేలా తిప్పి పట్టుకుని, నేనూ ఆమె పక్కన నిలబడ్డాను.