మా ఆయన నన్ను ‘సార్’ అన్నడు

మా ఆయనకు ‘అండి’ అనే మాట వచ్చని పెండ్లయిన ఇన్నేండ్లకు తెలిసింది నాకు. అది గూడ నాతోని అనలే. కంప్యూటర్ల అన్నడు, ముక్కుమొఖం తెల్వనోళ్లతోని.

ఆయన మానుకోటల ఒక ఆఫీసుల పనిచేస్తడు. రోజు పొద్దుగాల స్టేషన్ ఘన్‌పూర్‌ల బండెక్కుతడు, సాయంత్రం బండికి ఇల్లు చేరుతడు. నేను ఇంట్ల జాకెట్లు కుడత. పిల్లగాడు తొర్రూరుల హాస్టల్ల ఉండి చదువుకుంటుండు. వాని చదువుకని తెచ్చిన కంప్యూటరు, వాడు హాస్టల్‌కు పోయినంక వాళ్ల నాయిన పాలయింది.

దాంట్ల ఒక ఆట ఉన్నది. ఆకాశంల పాడువడ్డ ఓడలుంటయ్. మనం వీపుకు ఆక్సిజన్ సీసా కట్టుకొని, మంటతోని కోసే మిషను పట్టుకొని పోయి, ఓడను ముక్కలు ముక్కలు కొయ్యాలె. ఏది కరగబెట్టేది, ఏది మళ్ల పనికొచ్చేది అని వేరు చెయ్యాలె. చెప్తే ఏమున్నది, పాత ఇనుప సామాన్ల దుకాణం. తీస్కపోయి ఆకాశంల పెట్టిండ్రు, అంతే. పెద్ద మనిషి గంటలకు గంటలు దాని ముందట కూసుంటుంటె నాకు నవ్వే వచ్చేది.

కొత్తగ ఆడేటోళ్ల కోసమని ఆదివారం తలుపు దగ్గరికేసుకొని వీడియోలు గూడ చేస్తడు. ఒకపారి చాయ్ పట్టుకొని పోయి గుమ్మంలనే నిలవడ్డ. లోపల మా ఆయన గొంతే, కని మాట ఆయనది కాదు. “నమస్కారం అండి. ముందుగా ఓడ చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ఆక్సిజన్ మీద కన్నేసి ఉంచండి. పేలిపోయినా ఏం పర్లేదండి, మళ్లీ మొదలుపెడదాం.” వచ్చినం పోయినం అనే మనిషి, గిదేంది గదేంది అనే మనిషి, సినిమాలల్ల తీర్గ దీర్ఘాలు తీస్తుండు. మన మాట ఇంటె నవ్వుతరట, గందుకట. కొంగు నోట్ల కుక్కుకొని నవ్విన.

లోపలికి పోయి గ్లాసు పెట్టంగనే చప్పుడైంది. “ఏమే, కండ్లు కనవడ్తలేవా?” అని గయ్యిమన్నడు. గది మా ఆయన అసలు మాట. ఫోన్ల ఫోటో ఎట్ల పంపాలె అని అడిగినా, గ్యాసు ఎట్ల బుక్ చెయ్యాలె అని అడిగినా, గంత కూడ తెల్వదా నీకు అంటడు. గంగారం అడవిల పుట్టినదానికి గంతకన్న ఏమొస్తది అని ఒక నవ్వు. పేలిపోయినా పర్లేదండి అనుడు మాత్రం బయటోళ్లకు. నాకు సవతి మీద వచ్చినంత కోపమొచ్చింది వాళ్ల మీద.

ఆ కోపంతోనే ఒక మధ్యాహ్నం కుట్టు మిషను పక్కకు జరిపి ఆట ముందట కూసున్న. మిషను ఎట్ల పట్టాలె, ఎటు తిప్పాలె అన్నది ఆయన వీడియోలు చూసే నేర్చుకున్న. మొదటి ఓడ తలుపు ఊకె కోసిన. లోపలి గాలి ఒక్కపెట్టున ఎగదన్ని, నన్ను తీస్కపోయి ఎక్కడ్నో పారేసింది. సాయంత్రం ఆయన్నే అడగొచ్చు. అడిగితె ఏమంటడో ఎర్కే కదా. అందుకని ఆయన వీడియో కింద ప్రశ్న రాసిన. పేరు ‘కొత్త కూలి’ అని పెట్టుకున్న, ఊరు భూపాలపల్లి అని రాసిన.

ఆయన ఇంటికొచ్చే బండిల కూసున్నప్పుడు జవాబు వచ్చింది. “మంచి ప్రశ్న అడిగారండి. గాలి ఉన్న గదిని నేరుగా కోయకండి. ముందు గాలి వదిలేయండి, ఆ తర్వాత మెల్లగా కోయండి.” గా ‘మంచి ప్రశ్న’ను మళ్ల మళ్ల చదివిన. ఆ మత్తుల ఒకామె జాకెట్‌కు రెండు చేతులు ఎడమవే కుట్టి పెట్టిన. ఆమె వచ్చి తిట్టిపోతుంటె గూడ నాకు నవ్వే ఆగలే.

తర్వాత రోజు ఇంకో ప్రశ్న. నూనె పైపు కోస్తె ఎందుకు పేలుతుంది? పెద్ద ముక్కను తాళ్లతోని ఎట్ల గుంజాలె? ఆయన ఓపికగ చెప్తుండె, నేను మధ్యాహ్నం చేసి చూస్తుంటి. పోను పోను నన్ను సార్ అనుడు మొదలుపెట్టిండు. భూపాలపల్లి అనంగనే బొగ్గు బాయిల పనిచేసే పెద్దమనిషి అనుకున్నడు. మీలాంటి వాళ్లకు చెప్పడం నాకు సంతోషం సార్ అని రాసిండు. అది చదివి మురిసిన, మురిసినందుకు నాకే శరమైంది. ఇంట్ల పండుకునే మొగనితోని ‘మీరు’ అనిపించుకోవడానికి దొంగ పేరు పెట్టుకున్నది అంటె ఎవ్వలన్న నవ్వకుంట ఊకుంటరా? చూసిన జాడంత తుడిపేసి, నా ఓడను వేరే పేరు మీద దాచిపెట్టి, ఏమెరుగనట్టు బియ్యం కడుగుతుంటి.

ఒకనాడు ఆయన అన్నం తినుకుంట గా సారు ముచ్చట తీసిండు. మస్తు తెలివైన మనిషట. ఒక్కపారి చెప్తె పట్టుకుంటడట. అసొంటోళ్లు దొరుకుడు కష్టమట. నాకు గూడ నేర్పరాదు అన్న. “నీకెక్కడొస్తది గది? టీవీ రిమోటు పట్టుకునుడే రాదు నీకు,” అన్నడు.

ఇగ ఆగలేకపోయిన. “గా సారు నేనే,” అన్న.

నవ్విండు. నిన్న బండిల కూసొని ఏం రాసిండో అక్షరం పొల్లు పోకుండ చెప్పిన. నవ్వు ఆగింది. లేశి కంప్యూటర్ పెట్టి, నేను సగం కోసిన ఓడ చూపిచ్చిన. ముద్ద చేతిలనే ఉన్నది, నోట్లకు పోలే. ఎవ్వలకన్న చెప్పినవా అని అడిగిండు. ఎవ్వలకు చెప్పలేదన్న. లేశి పోయి చెయ్యి కడుక్కున్నడు.

ఆయన తెల్లమొఖం వేస్తె చూడాలె అని ఎన్ని దినాలు అనుకున్ననో. తీరా చూసినంక సిగ్గుతోని చచ్చిపోయిన. ఇంట్ల ఆకలైతుందని చెప్పక, పక్కింట్ల అడుక్కొని తింటుంటె దొరికినట్టయింది నాకు.

అప్పటికే నేను అడిగిన ప్రశ్న ఒకటి అట్లనే ఉన్నది, ఓడ నడుమ ఉండే రియాక్టర్ ఎట్ల తియ్యాలె అని. తెల్లారి ఆయన దానికన్న ముందు అడిగినోళ్లకు చెప్పిండు, తర్వాత అడిగినోళ్లకు చెప్పిండు. నాది ఇడిసిపెట్టిండు. సాయంత్రం వచ్చి బూట్లు ఇప్పకుంటనే వంటింటి గుమ్మంల నిలవడ్డడు. నా దిక్కు చూడలే, డబ్బాల దిక్కు చూస్తుండు. “రియాక్టర్ ముట్టేముందు చల్లవరిచే పైపులు...” అని ఆగిండు.

ఎందుకు ఆగిండో నాకు సమజైంది. మన భాషల ఎదుటి మనిషి ఎవ్వలో తేల్చకుంట మాట ముగియదు. తియ్యి అంటె నేను, తియ్యండి అంటె సారు. ఆయనకు రెండు నోట్లకు వస్తలేవు.

“తియ్యాలె,” అన్నడు. అని పోయిండు.

గా దినం నుంచి ఇంట్ల అంత ‘ఆలె’నే. అన్నం పెట్టాలె. అంగి ఇస్త్రీ చెయ్యాలె. తలుపు ఎయ్యాలె. ఎవ్వలు చెయ్యాలె, గోడనా? ఏమే అన్నప్పుడు కోపం చెయ్యనీకైన నేను ఒకదాన్ని ఉంటి. ఇప్పుడు గది గూడ లేకపాయె. నేను నోరు మూసుకొని ఉంటె ‘అండి’ లేకున్న ‘ఏమే’ అన్న మిగిలేది కదా అని కుట్టుకుంట కుట్టుకుంట ఏడ్సిన.

ఆదివారం వచ్చింది. ఆయన ఆట పెట్టుకొని కూసున్నడు కని వీడియో చేస్తలేడు. తలుపు గూడ దగ్గరికెయ్యలే. నేను పోయి పక్కన నిలవడ్డ.

“నన్ను మీరు అనకు. నువ్వే అను, ఏమే అనే అను,” అన్న. “కని జర మెల్లగ అను.”

ఆయన చెవులు ఎర్రగయినయ్. కుర్చీ కొద్దిగ పక్కకు జరిపిండు. నేను ఎత్తుపీట గుంజుకొని కూసున్న. గింత మాట గూడ నోరు తెరిచి అడుక్కోవాల్సొచ్చిందని నాకు సిగ్గు, అడిగేదాక తనకు తెల్వలేదని ఆయనకు సిగ్గు. ఒకల మొఖం ఒకలం చూసుకోలేక, ఇద్దరం ఆ పాడువడ్డ ఓడ దిక్కే చూసుకుంట కూసున్నం.