అసిరయ్య చేసిన పెళ్లిపీటలు

శ్రీకూర్మం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఆ పల్లెలో పెళ్లి కుదిరిందంటే, మర్నాడే అసిరయ్యకు తాంబూలం అందాల్సిందే. పెళ్లిపీటలు ఆయనే చెయ్యాలి. తెప్పలు చెక్కిన చెయ్యి కదా. ఫైబర్ పడవలొచ్చి దుంగలు చెక్కే ఆయన బాడిత మూలపడింది గానీ పీటలు మాత్రం ఆగలేదు. ముప్ఫై ఏళ్లలో ఆ ఊళ్లో అద్దెపీటల మీద కూర్చున్న జంట ఒక్కటి లేదు. మొగుడి గురించి చెప్పుకోవడానికి జగ్గమ్మకు బంగారమూ భూమీ లేవు, ఇదొక్కటే ఉంది. దాన్ని ఆవిడ తక్కువేమీ చెప్పుకోలేదు లెండి.

అలాంటిది మొన్న వానల్లో పడవ లాగుతూ జారిపడి ఆయన కుడి మణికట్టు విరిగింది. ఎముక అతికింది, పట్టు రాలేదు. ఉలి పడితే చెయ్యి వణుకుతోంది. సరిగ్గా అప్పుడే పక్కింటి ధర్మేంద్ర కూతురు శ్రావణికి పెళ్లి కుదిరింది.

"పోన్లే మావా, ఈ పాలికి టెంటు హౌసోడి కాడ తెచ్చుకుంతాం" అన్నాడు ధర్మేంద్ర, మంచికే. అసిరయ్య ఆ పూట అన్నం ముట్టలేదు.

మర్నాడు శ్రీకాకుళం బస్సెక్కి రౌటరు కొనుక్కొచ్చాడు. చెక్క అంచుల్ని గుండ్రంగా తీసే కరెంటు మిషను అది. దాని మోటారుకు అడుగున తగిలించే బేసులు రెండు రకాలట. ఒకటి లోతు బిగించేసి కదలకుండా ఉండేది. రెండోది స్ప్రింగుల మీద పైనుంచి నొక్కేది. ఈ రెండోది ఒక్కటుంటే అన్ని పనులూ అయిపోతాయన్నాడు షాపువాడు. అన్ని పనులూ అయ్యేదాన్ని ఎవడు మాత్రం వద్దంటాడు?

తీరా పనస చెక్క మీద పెట్టి చూస్తే, ఆ స్ప్రింగుల బేసు ఎత్తుగా ఉండి, అంచు దగ్గరకొచ్చేసరికి ఊగింది. పట్టులేని చెయ్యి ఆపలేకపోయింది. మిషను ఒరిగి అంచును కొరికి పారేసింది. జగ్గమ్మకు ఒళ్లు మండిపోయింది.

"సెయ్యి బాగునేదని సెప్పుకుంటే సిన్నతనమేటి మావా నీకు?"

ఆయన అరుగు మీద కూర్చుని మిషన్ని తిప్పి తిప్పి చూశాడు. సాయంత్రం జగ్గమ్మతో అన్నాడు.

"తెప్ప సెక్కినప్పుడు దుంగ కదల్దు, బాడిత కదుల్తాది. ఇక్కడ మిషన్ని బిగించేసి సెక్కనే నడిపితే ఏటి?"

మళ్లీ శ్రీకాకుళం. షాపువాడు ఇంకా పెద్ద మిషను చూపించబోతే అసిరయ్య వినలేదు. తన మోటారునే విప్పించి, కదలని బేసులో కూర్చోబెట్టించి చూశాడు. సరిపోయింది. ఆ బేసొక్కటే కొన్నాడు. ఇంటికొచ్చి పాత బల్లకు కన్నం చేసి, దాని కింద మిషన్ని తలకిందులుగా బిగించాడు. కోసే బిట్టు మాత్రమే పైకి కనిపిస్తుంది. బడి మొహం ఎరగని మనిషికి ఎంత బుర్రో చూడండి!

ఇక చెక్క తొయ్యాలి. దానికీ ఆ మణికట్టు లొంగలేదు. జగ్గమ్మను పిలిచాడు. ఆవిడ తోసిందో లేదో చెక్క చేతుల్లోంచి ఎగిరి అవతల పడింది. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"నానొల్లను మావా. టెంటు హౌసోడివే తెచ్చుకోనీ."

ఆయన మిషను ఆపాడు.

"కెరటంతో పాటు పోతే పడవ మన సేతిలో ఉంతాదేటి? ఎదురెల్లాల. ఇదీ అంతే. బిట్టు తిరిగొచ్చే వైపుకి ఎదురు తొయ్యి."

ఒడ్డున పుట్టి పెరిగిన మనిషికి ఆ మాట రెండోసారి చెప్పక్కర్లేదు. ఈసారి చెక్క బుద్ధిగా నడిచింది. అంచు నున్నగా వచ్చింది. నాలుగు రోజులు ఆయన కొలతలు గీసి బిట్టు ఎత్తు సరిచూశాడు, ఆవిడ తోసింది.

శ్రావణి పెళ్లి ఆ పీటల మీదే జరిగింది. పీటలు చేసినవాడికి కొత్త కండువా కప్పడం ఊరి ఆనవాయితీ. ధర్మేంద్ర కండువా తెచ్చాడు. అసిరయ్య దాన్ని చేత్తో అందుకుని, నేరుగా ఆడవాళ్ల మధ్య కూర్చున్న జగ్గమ్మ దగ్గరికి నడిచి, ఆవిడ భుజాన కప్పాడు.

"ఈ పీటలు సేసిన సెయ్యి ఇదీ" అన్నాడు, అందరికీ వినబడేలా.

జగ్గమ్మ తిట్టబోయింది. అంతలోనే, జారుతున్న కండువాని రెండు చేతులా పట్టుకుంది.