ఎవరు సూసుకుంటారు?

మాది తమిళనాడులో తెలుగు మాట్లాడే ఇల్లు. అక్కని విరుదునగర్ దగ్గర మరమగ్గాల ఇంటికి ఇచ్చారు. చీర అంచుకి రంగులు కుదిర్చి చూపించే చిన్న చిన్న ప్రోగ్రాములు రాస్తుంది. అక్కడి మగ్గాలవాళ్ళ పాత కంప్యూటర్లు నడిచేది ఉచితంగా దొరికే లినక్స్ మీదే. ఆ ప్రోగ్రాములు వాటిలోకి సులువుగా ఎక్కేలా ప్యాకేజీ కట్టడం మాత్రం కోవిల్‌పట్టిలో ఉన్న నా పని.

కొత్తది రాసినప్పుడల్లా అక్క నూనె పరోటా పొట్లం పట్టుకుని బస్సెక్కి వచ్చేది. నేను కడుతుంటే పక్కన కూర్చుని తింటూ వంకలు పెట్టేది. ఈ ఫోల్డరు, ఆ ఫైలు, లైసెన్సు, అది నడవడానికి తోడుగా ఇంకే ప్రోగ్రాములు కావాలో ఆ వివరం. ఎక్కడో అక్షరాల మధ్య ఒక ఖాళీ తప్పితే పని మళ్ళీ మొదటికొచ్చేది.

“ఏలరా ఇంత తంతు? గోరంత ప్రోగ్రాముకి ఊరంత కల్యాణం చేస్తా ఉండావే,” అనేది.

నాకు రోషం వచ్చింది. ఆ తంతంతా ఒకే కమాండులో ఇమిడేలా చేశాను. అది నాలుగు ప్రశ్నలు అడిగి, మిగతాది తనే చూసుకుంటుంది. మా ఇద్దరిలో తెలుగు అక్షరాలు నేర్చుకున్నది నేనొక్కణ్ణే కనుక, ప్రశ్నలను మా ఇంటి తెలుగులో, తమిళ లిపిలో పెట్టాను. పేరేమి? ఏమి చేస్తాది? తోడు ఏమి కావాల? ఎవరు సూసుకుంటారు?

ఇంకేముంది, అక్క ఇంట్లోనే కూర్చుని ప్యాకేజీలు కట్టేసుకోసాగింది. బస్సెక్కడం మానేసింది. పరోటా సంగతి అటుంచండి, పక్కన వంకలు పెట్టే మనిషి లేక నాకు ఏమీ తోచలేదు. నా తెలివే నా కొంప ముంచిందని దిగులుపడ్డాను. ఊరికే రమ్మని పిలవడానికి అభిమానం అడ్డొచ్చింది.

అంతలో ముక్కూ మొహం తెలియని మగ్గాలవాళ్ళు ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. ఒకాయనకి ఎరుపు కాస్తా గులాబీరంగులా కనిపిస్తోందట, ఇంకొకాయనకి అంచు తలకిందులుగా వస్తోందట. నా నంబరు ఎవరిచ్చారంటే, ప్యాకేజీలోనే ఉందన్నారు.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదేననుకుంటూ అక్కకి ఫోన్ చేశాను.

“ఎవరు సూసుకుంటారని నీ కమాండే అడిగింది కదరా. నీ పేరూ నంబరూ కొట్టినా,” అంది.

“అన్నిటికీనా అక్కా?”

“మొదటినుంచీ సూసుకునేది నువ్వే కదా. ఇంకెవురి పేరు ఏసేది?”

తిట్టడానికి చేసిన ఫోను. సంతోషంలో తిట్టడమే మరిచి పెట్టేశాను.

ఆ సాయంత్రమే కమాండులో ఐదో ప్రశ్న చేర్చాను: కోవిల్‌పట్టికి ఎప్పుడొస్తావు? దానికి జవాబు కొట్టకపోతే ప్యాకేజీ కట్టదు.