క్యాబేజీ రసం తెచ్చిన పెద్దాయన

మా అక్కకి రొమ్ము కేన్సర్ అని తేలగానే పరామర్శలు మొదలయ్యాయి. వచ్చినవాళ్ళలో చాలామంది ముందుగా అడిగిన మాట, "కూరగాయలు సరిగా తినేది కాదా అమ్మా?" అని. నాకు ఒళ్ళు మండిపోయేది. రాజోలు దగ్గర వాళ్ళ ఊళ్ళో, ఇంటి వెనక జాగాలో బెండ, వంగ, తోటకూర, చలికాలంలో క్యాబేజీ వేసి ఇరుగుపొరుగులందరికీ పంచిన మనిషి మా అక్క. ఆ కూరలు వండుకు తిన్నవాళ్ళే ఈ మాట అడిగేవారు, జబ్బు తెచ్చుకోవడం ఆమె తప్పే అన్నట్టు. అక్క తల దించుకుని, "తినేదాన్నేనండీ" అని సంజాయిషీ చెప్పుకునేది.

బావగారిది మస్కట్‌లో ఉద్యోగం. ఆపరేషన్‌కి వచ్చి, సెలవు అయిపోగానే వెళ్ళిపోయారు. కీమోకి అమలాపురం నుంచి నేను వెళ్ళి అక్కని రాజమండ్రి తీసుకెళ్ళేదాన్ని. రెండోసారి మందు ఎక్కించాక అక్క బాగా చిక్కిపోయింది. నోరంతా పూత, మంచినీళ్ళు తాగినా వాంతి. సరిగ్గా అప్పుడే వచ్చారు బావగారి పెదనాన్నగారు. ఊళ్ళో ఆయన మాటంటే మాటే. ఫోనులో ఎవరో పంపిన వీడియో చూపించి, క్యాబేజీలో కేన్సర్‌ని చంపే పదార్థం ఉందనీ, పూటపూటా పచ్చిరసం తాగితే ఇక ఆసుపత్రి అక్కర్లేదనీ చెప్పారు. అంత బాధలో ఉన్న మనిషికి అంతకంటే తీయని మాట ఏముంటుంది? మూడో కీమోకి కారు మాట్లాడుకుని నేను వెళ్తే, అక్క గుమ్మంలోనే ఆపేసింది.

"నా వల్ల కాదే. రసంతో తగ్గిపోద్దని మావయ్యగారు చెప్పేరు కదా."

ఎంత బతిమాలినా కదల్లేదు. కొద్దిరోజులకే విరేచనాలు, జ్వరం పట్టుకుని లేవలేని స్థితికి వస్తే, చేతుల మీద మోసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

డాక్టరమ్మకి రసం సంగతి చెప్పాను. ఆవిడ అక్కని కోప్పడలేదు. "క్యాబేజీ, కాలీఫ్లవర్ లాంటి వాటిలో గంధకం ఉన్న పదార్థాలుంటాయి. తరిగినప్పుడూ నమిలినప్పుడూ అవి వేరే పదార్థాలుగా మారతాయి. కణాలు చెడిపోకుండా అవి కాపాడొచ్చని ప్రయోగశాలల్లో చూశారు. మనుషుల్లో అంత గట్టిగా తేలలేదు. కూరలు రోజూ తినండి, మంచిదే. తిన్నవాళ్ళకి జబ్బు రాదని కాదు. వచ్చిన జబ్బుకి అవి మందూ కాదు" అంది. ఈ మందులు వాడేటప్పుడు ఒంట్లో తట్టుకునే శక్తి తగ్గుతుందనీ, సరిగా కడగని పచ్చివి ప్రమాదమనీ చెప్పింది. విరేచనాలు రసం వల్లేనని మాత్రం ఖాయంగా చెప్పలేనంది.

ఆ సాయంత్రమే పెద్దాయన చూడ్డానికి వచ్చారు. సంచిలోంచి సీసా తీసి, "రసం తెచ్చేనమ్మా. డాక్టరుకి చెప్పకండి" అన్నారు.

సీసా ఆయన చేతిలోంచి లాక్కుని వాష్‌బేసిన్‌లో వంపేశాను.

"మీ కడుపున పుట్టినవాళ్ళకి వచ్చినా ఇలాగే కీమో మానిపిస్తారాండీ?"

"పెద్దంతరం చిన్నంతరం లేదా? మంచికే కదా చెప్పేను!"

"మీ మంచి చాలండి. వెళ్ళండి."

వార్డంతా మావైపే చూసింది. ఆయన వెళ్ళిపోయారు. అక్క కళ్ళు మూసుకుంది. మర్నాడు, "మిగతావి ఎక్కించుకుంటానే" అంది.

అన్ని కీమోలూ పూర్తయ్యాయి. ఇప్పుడు పరీక్షలకి మాత్రం వెళ్ళొస్తోంది. మొన్న కొత్తపేటలో చుట్టాల గృహప్రవేశంలో, భోజనాల దగ్గర పెద్దాయన పదిమందీ వినేలా, "మా కోడలికి క్యాబేజీ రసంతోనే తగ్గిందండీ" అంటున్నారు. నేను లేవబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపి, తనే మాట్లాడింది.

"కాదండీ మావయ్యగారూ. నాకు తగ్గింది ఆసుపత్రి మందులతోనండి. రసం తాగిన రోజుల్లోనే చావు దాకా వెళ్ళొచ్చేను. ఇంకెవరికీ చెప్పకండి."

ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయారు. పెద్దాయన్ని నలుగురిలో చిన్నబుచ్చిందని చుట్టాలు అక్కనే తప్పుపట్టారు. ఆయన్ని ఒక్కరూ ఒక్క మాట అనలేదు. నా కోపం ఇప్పటికీ చల్లారలేదు.